టెక్నాలజీ మార్కెట్ విశ్లేషకుడి వృత్తి: లెక్కలు, వాటి హద్దులు

టెక్నాలజీ మార్కెట్ విశ్లేషకుడి ముందు ఎప్పుడూ మూడు ప్రశ్నలుంటాయి. ఒక వస్తువు గానీ సేవ గానీ ఇప్పుడు ఎంత అమ్ముడవుతోంది? అందులో ఎవరి వాటా ఎంత? వచ్చే మూడు నుంచి ఐదేళ్లలో అది పెరుగుతుందా, తగ్గుతుందా? ఆ వస్తువు మొబైల్ ఫోన్ కావచ్చు, బ్యాంకులు వాడే సాఫ్ట్‌వేర్ కావచ్చు, బట్ట నేసే యంత్రం కావచ్చు. తయారీదారుకు తన అమ్మకాలు తెలుసు గానీ పోటీదారువి తెలియవు. కొనేవాడికి తన అవసరం తెలుసు గానీ మిగతావాళ్లు ఏం కొంటున్నారో తెలియదు. ఈ తెలియనితనమే ఈ వృత్తికి పెట్టుబడి.

షేర్ల విశ్లేషకుడి పని వేరు. ఆయన ఒక కంపెనీ ఖాతాలు చూసి దాని షేరు కొనాలో అమ్మాలో చెబుతాడు. అలాంటి సలహా ఇవ్వాలంటే మన దేశంలో సెబీ 2014లో తెచ్చిన రీసెర్చ్ అనలిస్టుల నిబంధనల కింద నమోదు కావాలి. అమెరికాలో 2003లో పది పెద్ద పెట్టుబడి సంస్థలు దాదాపు 140 కోట్ల డాలర్లు చెల్లించి ఒక కేసు రాజీ చేసుకున్నాయి. విశ్లేషకులు తమ బ్యాంకుల వ్యాపారం కోసం బలహీనమైన ఇంటర్నెట్ కంపెనీలను పొగిడారన్నది అభియోగం. టెక్నాలజీ మార్కెట్ విశ్లేషకుడికి ఇలాంటి నమోదు గానీ, పాస్ కావలసిన పరీక్ష గానీ లేవు. తలుపు అందరికీ తెరిచి ఉండడం కొత్తవాళ్లకు సౌకర్యం, నివేదిక కొనేవాళ్లకు ఇబ్బంది.

ఈ వృత్తి పుట్టింది కంప్యూటర్ల జనాభా లెక్కతో. 1964లో ప్యాట్రిక్ మెక్‌గవర్న్ అమెరికాలోని మాసచూసెట్స్‌లో ఐడీసీని స్థాపించాడు. ఏ కార్యాలయంలో ఏ కంప్యూటర్ ఉందో లెక్కగట్టి అమ్మడం దాని మొదటి వ్యాపారం. మార్కెట్‌ను ఐబీఎం ఏలుతున్న రోజులవి, మిగిలిన కంపెనీలకు ఆ లెక్క ప్రాణావసరం. 1970లో యాంకీ గ్రూప్, 1979లో గార్ట్‌నర్, 1983లో ఫారెస్టర్ వచ్చాయి. వీటిలో మలుపు తిప్పింది గార్ట్‌నర్. దాని స్థాపకుడు గిడియన్ గార్ట్‌నర్ అంతకుముందు వాల్‌స్ట్రీట్‌లో ఐబీఎం మీద నివేదికలు రాసేవాడు. అదే పరిజ్ఞానాన్ని కంప్యూటర్లు కొనే సంస్థలకు అమ్మవచ్చని కనిపెట్టాడు. అప్పటిదాకా అమ్మేవాడికి చెవిలో చెప్పిన మాట ఇక కొనేవాడికీ చేరింది. ఒకే విశ్లేషకుడు ఇద్దరి దగ్గరా డబ్బు తీసుకునే పద్ధతి కూడా వచ్చింది. ఆ చిక్కు ఇప్పటికీ విడిపోలేదు.

మన దేశంలో 1982లో మొదలైన డేటాక్వెస్ట్ పత్రిక కంప్యూటర్ కంపెనీలకు ఏటా ర్యాంకులిచ్చి ఈ అలవాటు చేసింది. 1988లో ఏర్పడిన నాస్కామ్ పరిశ్రమ లెక్కలను తన చేతిలోకి తీసుకుంది. 1999లో మెకిన్సీతో కలిసి అది ఇచ్చిన నివేదిక, 2008 నాటికి సాఫ్ట్‌వేర్, సేవల ఎగుమతులు 5,000 కోట్ల డాలర్లకు చేరతాయని చెప్పింది. వచ్చింది సుమారు 4,000 కోట్లు. గురి తప్పిందనడం కష్టం, ఎందుకంటే ప్రభుత్వాలూ కాలేజీలూ ఆ అంకెను జోస్యంగా చదవలేదు, లక్ష్యంగా పెట్టుకుని పని చేశాయి. పరిశ్రమ సంఘం వేసే అంచనాకు ఈ రెండో బతుకు ఎప్పుడూ ఉంటుంది. ఇప్పుడు గ్లోబల్‌డేటా వంటి విదేశీ సంస్థలకు హైదరాబాద్‌లో పెద్ద కార్యాలయాలున్నాయి. మొర్డోర్ ఇంటెలిజెన్స్ హైదరాబాద్ కేంద్రంగానే పనిచేస్తోంది. పాత కరీంనగర్ జిల్లాలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పిల్లలకు ఈ ఉద్యోగం దొరికేది ఎక్కువగా హైదరాబాద్‌లోనే.

పద్ధతులకు వస్తే దారులు రెండు. మొదటిది పైనుంచి కిందికి. దేశ జనాభా, ఆదాయం, దిగుమతులు తీసుకుని అందులో ఇంత శాతం ఫలానా వస్తువుకు పోతుందని లెక్క కడతారు. రెండోది కిందినుంచి పైకి. దుకాణాలు, డీలర్లు, తయారీదారులు ఒక్కొక్కరి దగ్గర లెక్క సేకరించి కూడతారు. రెండు జవాబులూ దగ్గరగా వస్తే సంతోషం. రాకపోతే ఎక్కడ తేడా వచ్చిందో వెతకడమే అసలు పని. బయటివారు చూసేది నివేదికలోని చివరి అంకెను. లోపలివారి వారాలు గడిచేది ఈ తేడాను సర్దడంలో.

రాబోయే కాలం మాటకు వస్తే, వాడకం మొదట నెమ్మదిగా పాకి, తర్వాత ఒక్కసారిగా లేచి, చివర చదునవుతుందన్న ఎస్ ఆకారపు గీత అన్ని అంచనాలకూ వెన్నెముక. ఇది కంప్యూటర్ గదిలో పుట్టింది కాదు. 1943లో వెలువడిన అధ్యయనం కోసం ర్యాన్, గ్రాస్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 259 మంది రైతులను కలిసి, హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం ఎవరు ఎప్పుడు ఎందుకు వేశారో అడిగారు. ఎవెరెట్ రోజర్స్ 1962 నాటి పుస్తకానికీ, ఫ్రాంక్ బాస్ 1969 నాటి గణిత సూత్రానికీ ఆ పొలాలే మూలం. గార్ట్‌నర్‌లో జాకీ ఫెన్ 1995లో గీసిన హైప్ సైకిల్ దానికి వార్తల మోజును కలిపింది. జగిత్యాల పక్క పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన జగిత్యాల సన్నాలు వంటి వరి రకాలు ఊరూరా పాకిన తీరును కూడా ఇదే గీతతో చదవవచ్చు. విత్తనం కొత్తదనాన్ని రైతు పక్కచేలో కళ్లారా చూసి నమ్ముతాడు. సాఫ్ట్‌వేర్‌కు పక్కచేను ఉండదు, ఆ ఖాళీలోకే విశ్లేషకుడి నివేదిక వచ్చి కూర్చుంటుంది.

ఈ పద్ధతులు కాగితం మీద ఎంత చక్కగా ఉన్నా, చిన్న పట్టణానికి దిగేసరికి లెక్కలకు చిల్లులు పడతాయి. పాత కరీంనగర్ జిల్లాలోని కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల మూడు రకాల చిల్లులను చూపిస్తాయి.

కోరుట్లది ఫోన్ల లెక్క. ఫోన్ల మార్కెట్‌ను సాధారణంగా షిప్‌మెంట్లలో కొలుస్తారు. కంపెనీ నుంచి పంపిణీదారుకు సరుకు కదిలితే అమ్మకం జరిగినట్టే రాసుకుంటారు. ఐడీసీ లెక్కన 2024లో దేశంలోకి 15.1 కోట్ల స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల ప్రాంతాల్లో గల్ఫ్‌కు వెళ్లినవారు లేని వీధి దొరకడం కష్టం. సెలవుకు వచ్చేవారి సంచుల్లో ఫోన్లుంటాయి. 2020 ఏప్రిల్ నుంచి ఇక్కడ మొబైళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది. యూఏఈలో వ్యాట్ 5 శాతమే. దుబాయ్‌లో కొని కోరుట్లలో వాడే ఫోన్ లెక్కలో యూఏఈదే అవుతుంది. యాప్‌ల సంగతీ అంతే. వాట్సాప్ కాల్స్‌కు యూఏఈలో అడ్డంకులున్నందున గల్ఫ్ కుటుంబాల్లో ఐఎంఓ, బోటిమ్ వంటివి పాకాయి. దేశం మొత్తం సగటులో అవి చుక్కంత. హైదరాబాద్‌లో కూర్చుని రాసే నివేదికలో కనిపించవు గానీ, ఇక్కడ దుకాణం పెట్టేవాడికి అవే ముఖ్యం.

జగిత్యాలది హద్దుల సమస్య. ట్రాయ్ ప్రతినెలా టెలికాం చందాదారుల లెక్కలు ఇస్తుంది, కానీ సర్కిళ్ల వారీగా. రాష్ట్రం విడిపోయినా టెలికాం సర్కిల్ ఆంధ్రప్రదేశ్ పేరుతోనే, రెండు రాష్ట్రాలనూ కలిపి సాగుతోంది. తెలంగాణ వాటా విడిగా ఎంతో అందులో తేలదు, ఇక 2016 అక్టోబరు 11న ఏర్పడిన జగిత్యాల జిల్లా మాట చెప్పనక్కర్లేదు. ఆ లెక్కలోనే మరో మెలిక ఉంది. మొత్తం సిమ్‌లు వేరు, నిజంగా నెట్‌వర్క్‌లో పలుకుతున్న సిమ్‌లు వేరు. ట్రాయ్ రెండూ ఇస్తుంది, తొందరపడే నివేదికలు మొదటిదే తీసుకుంటాయి. వాహనాలకు కేంద్రం నడిపే వాహన్ పోర్టల్‌లో చాలాకాలం తెలంగాణ రిజిస్ట్రేషన్లు చేరలేదు. డీలర్ల సమాఖ్య ఫాడా తన నెలవారీ ప్రకటనల అడుగున ఆ సంగతి రాస్తూ వచ్చింది. దేశంలో ఎలక్ట్రిక్ వాహనాలు, ట్రాక్టర్లు ఇన్ని అని రాసేవాడు ఆ అడుగు గీత చదవకపోతే జగిత్యాల రైతు ట్రాక్టర్ కొన్నా కొననట్టే. అందుకే అనుభవజ్ఞులు పట్టిక కంటే ముందు పట్టిక కింది చిన్న అక్షరాలు చదువుతారు. ఇదే జిల్లాకు కొంత మెరుగ్గా పనికివచ్చేది వ్యవసాయ ధరల విశ్లేషణ. రాజేంద్రనగర్‌లోని జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయపు మార్కెట్ ఇంటెలిజెన్స్ కేంద్రం విత్తే ముందు, కోసే ముందు పంటల ధరల అంచనాలు ఇస్తుంది. మార్కెట్ యార్డుల పాత ధరలు ఏళ్ల తరబడి రాసి ఉన్నాయి కాబట్టి అది సాధ్యమవుతోంది. ఫోన్లకు, యాప్‌లకు అలాంటి పాత రికార్డు జిల్లా స్థాయిలో లేదు.

సిరిసిల్ల చిక్కు అన్నిటికంటే లోతైనది. అక్కడ మరమగ్గాన్ని సాంచ అంటారు. పట్టణంలోనూ చుట్టుపక్కలా పాతికవేలకు పైగా సాంచాలున్నాయి. ఎక్కువ భాగం పాత షటిల్ మగ్గాలు. పాలిస్టర్ గుడ్డ, లంగా గుడ్డ ఇక్కడి వాడుక సరుకు. రేపియర్ మగ్గం షటిల్ మగ్గానికి రెండు మూడింతల వేగంతో నేస్తుంది, ఎయిర్‌జెట్ నిమిషానికి 600 పోగులు దాటుతుంది. మగ్గాల కంపెనీ ఒకటి సిరిసిల్లలో రేపియర్లు ఎన్ని అమ్ముడవుతాయని అడిగిందనుకుంటే, పైనుంచి కిందికి లెక్క క్షణంలో తేలిపోతుంది: పాతికవేల పాత మగ్గాల్లో పది శాతం మారినా రెండున్నర వేలు. ఇలాంటి లెక్కలే చాలా నివేదికల్లో ఉంటాయి, అవి తప్పు.

తప్పు ఎక్కడుందో అక్కడి పని తీరులో కనిపిస్తుంది. యజమాని నూలు కొని, పడుగు చుట్టిన బీములు పట్టించి, ఏ గుడ్డ నేయాలో నిర్ణయిస్తాడు. ఆసామికి కొన్ని సాంచాలుంటాయి, నూలు ఉండదు. యజమాని ఇచ్చిన బీములు నేసి కూలి లెక్కన డబ్బు తీసుకుంటాడు. సాంచ నడిపే కార్మికుడు వేరు, కండెలు చుట్టి వైపని చేసేవారు వేరు. కొత్త మగ్గం కొనాల్సింది ఆసామి, దానివల్ల మంచి గుడ్డ వస్తే లాభపడేది ఎక్కువగా యజమాని. డబ్బు పెట్టేవాడూ ప్రయోజనం పొందేవాడూ వేరైన చోట ధర ఎంత తగ్గించినా అమ్మకం కదలదు. పాత మగ్గానికే పడుగు తెగితే ఆపే పరికరాలూ డాబీలూ బిగించి మెరుగుపరిచే పథకాన్ని కేంద్రం 2017లో పవర్‌టెక్స్ పేరుతో విస్తరించడంలో అర్థం ఉంది. అది ఆసామి జేబుకు అందే మెట్టు.

ఇక గిరాకీ. 2017లో రాష్ట్ర ప్రభుత్వం బతుకమ్మ చీరల పంపిణీ మొదలుపెట్టింది. మొదటి ఏడాది కొన్ని సూరత్ నుంచి వచ్చి నాణ్యత మీద విమర్శలు రాగా, తర్వాతి ఏళ్లలో ఆర్డరు ప్రధానంగా సిరిసిల్లకు వచ్చింది. ఏటా కోటి చీరల దాకా, రూ. 300 కోట్లకు అటూఇటూ. కిందినుంచి పైకి లెక్క ఎలా ఉంటుందో చూపడానికి ఇది మంచి ఉదాహరణ. సాంచ నిమిషానికి 120 పేక పోగులు వేస్తుందనీ, గుడ్డకు అంగుళానికి 48 పోగులు కావాలనీ అనుకుంటే నిమిషానికి రెండున్నర అంగుళాల గుడ్డ వస్తుంది. గంటకు 3.8 మీటర్లు. తెగిన పోగు అతకడం, కండె మార్చడం, కరెంటు పోవడం తీసేసి 70 శాతం సమయమే నడిచిందంటే 12 గంటల షిఫ్టుకు సుమారు 32 మీటర్లు. చీరకు 6 మీటర్ల చొప్పున కోటి చీరలకు 6 కోట్ల మీటర్లు కావాలి. పదివేల సాంచాలు రెండు షిఫ్టులు నడిస్తే రోజుకు 6.4 లక్షల మీటర్లు. అంటే పని మూడు నెలల్లో అయిపోతుంది. అంత పెద్ద ఆర్డరు కూడా పట్టణంలోని సాంచాల్లో సగం కన్నా తక్కువకు ఏడాదిలో పావు వంతు పని. మిగతా కాలం ఆగి ఉన్న మగ్గం పక్కన ఇంకా వేగంగా నేసే మగ్గం ఎవరు కొంటారు? రేపియర్ల మార్కెట్‌ను ఆపుతున్నది వాటి ధర కాదు, గుడ్డకు ఆర్డరు లేకపోవడం.

ఆ ఆర్డరు కూడా ఒకే కొనుగోలుదారు చేతిలో ఉంది. 2017 నుంచి 2023 దాకా ఏటేటా వచ్చిన అంకెలను గీత గీసి 2024కు పొడిగిస్తే నికరంగా పైకే పోతుంది. 2024లో కొత్త ప్రభుత్వం ఆ పథకాన్ని కొనసాగించలేదు, పాత బకాయిలు పెండింగులో పడ్డాయి. సాంచాలు ఆగాయి, కార్మికుల ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. అదే ఏడాది నవంబరులో వేములవాడలో నూలు డిపో ప్రారంభమైంది. ఆ తర్వాత స్వయం సహాయక సంఘాల మహిళలకు ఇచ్చే ఇందిరమ్మ చీరల ఆర్డరుతో మళ్లీ పని వచ్చింది. ఇలాంటి చోట అంచనా వేసేవాడికి గణిత సూత్రం కంటే ఎన్నికల క్యాలెండరు, బడ్జెట్ పద్దు ఎక్కువ చెబుతాయి. ఒక్కడే కొంటున్నప్పుడు ఉన్నది ఆర్డరు, మార్కెట్ కాదు. ఆ రెంటినీ ఒకే గడిలో రాయడం విశ్లేషకులు చేసే పొరపాట్లలో ఖరీదైనది. పెద్దూరు అపెరల్ పార్కుకు గోకల్‌దాస్ ఇమేజెస్ వంటి దుస్తుల కంపెనీలను తీసుకురావడం వెనక ఉన్నది కూడా ఈ ఒక్క కొనుగోలుదారు సమస్యే.

సిరిసిల్లలో మంచి సంగతి, లెక్క సరిచూసుకోవడానికి ఆధారం ఉండడం. 1970లో ఏర్పడిన సహకార విద్యుత్ సరఫరా సంఘం, అందరూ సెస్ అనేది, ఇక్కడి సాంచాలకు కరెంటు ఇస్తుంది. ఎన్ని సాంచాలున్నాయన్నది ఎవరి నోట ఎలా పలికినా, ఎన్ని నడుస్తున్నాయన్నది మీటరు చెబుతుంది. బీములు పట్టే వార్పిన్ కేంద్రాల నుంచి కదిలే బీముల సంఖ్య రెండో సాక్షి. మహానగరపు మార్కెట్లకు కూడా ఇంత నిక్కచ్చి ఆధారం దొరకడం అరుదు.

అంచనాలు తప్పడం ఈ వృత్తిలో సిగ్గుపడే విషయం కాదు, ఎందుకు తప్పాయో తిరిగి చూడకపోవడమే లోపం. నోకియా, మైక్రోసాఫ్ట్ చేతులు కలిపాక 2011లో ఐడీసీ, 2015 నాటికి విండోస్ ఫోన్‌కు ప్రపంచ స్మార్ట్‌ఫోన్లలో 20.9 శాతం వాటా వస్తుందని చెప్పింది. వాస్తవంలో మూడు శాతం కూడా రాలేదు. నోకియా పాత కొనుగోలుదారులంతా దాని కొత్త ఫోన్‌కే మారతారన్న ఒక్క ఊహ మీద ఆ అంకె నిలబడింది. నివేదిక తప్పయితే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న కోర్టుకూ వెళ్లింది. కంపెనీలను నాలుగు గడుల చతురస్రంలో పేర్చే మ్యాజిక్ క్వాడ్రంట్‌లో తనను కింది మూలన పెట్టారని జెడ్ఎల్ టెక్నాలజీస్ అనే కంపెనీ 2009లో గార్ట్‌నర్ మీద దావా వేసింది. అది అభిప్రాయమే, రుజువు చేయదగ్గ వాస్తవ ప్రకటన కాదంటూ కోర్టు కేసు కొట్టేసింది. న్యాయపరంగా సబబే కావచ్చు. కానీ కొనేవాళ్లు ఆ చతురస్రాన్ని అభిప్రాయంగా చదవరు.

ఉద్యోగంలో చేరే దారి ఒక్కటి కాదు. ఇంజనీరింగ్, ఎంబీఏ, ఆర్థికశాస్త్రం, గణాంకశాస్త్రం ఏది చదివినా సరే. ఈ ప్రాంతంలో కొండగట్టు దగ్గరి నాచుపల్లిలో 2007 నుంచి, సిరిసిల్లలో 2021 నుంచి జేఎన్టీయూ ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్నాయి. కరీంనగర్‌లో 2008లో ఏర్పడిన శాతవాహన విశ్వవిద్యాలయం ఉంది.  కొత్తగా చేరినవారు రీసెర్చ్ అసోసియేట్‌గా ఉంటారు. కంపెనీల వార్షిక నివేదికలు, కస్టమ్స్ లెక్కలు, పత్రికా ప్రకటనలు తవ్వి పట్టికలు నింపుతారు. ఎక్సెల్ లేకుండా పూట గడవదు. పైకి వెళ్లేకొద్దీ అనలిస్ట్, సీనియర్ అనలిస్ట్, ప్రిన్సిపల్ అనే మెట్లలో పట్టికల పని తగ్గి మాటల పని పెరుగుతుంది. డీలర్లతో, కంపెనీ అధికారులతో ఫోన్ సంభాషణలు, కొనుగోలుదారులకు సలహాలు, విలేఖరులకు వ్యాఖ్యలు. చాలామందిని మధ్యలో ఆపేది ఇంగ్లిషు ఉచ్చారణ కాదు, ఒక పేరాలో ఒక వాదన నిలబెట్టలేకపోవడం. కొందరు ఐదారేళ్లకు తాము లెక్కించిన కంపెనీల్లోనే మార్కెటింగ్, వ్యూహ విభాగాలకు మారతారు. అది ఈ వృత్తిలో సాధారణ నిష్క్రమణ ద్వారం. తాను రాబోయే రోజుల్లో చేరదలచిన కంపెనీ గురించి నిర్మొహమాటంగా రాయగలిగినవారు తక్కువన్నదీ అంతే సాధారణం.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక కింది మెట్టు కదిలింది. బహిరంగంగా దొరికే సమాచారాన్ని పోగేసి సారాంశం రాసే పని యంత్రం నిమిషాల్లో చేస్తోంది. 2025 ఆగస్టులో గార్ట్‌నర్ షేరు ఒక్కరోజులో నాలుగో వంతుకు పైగా పడిపోవడానికి ప్రభుత్వ ఒప్పందాల కోతతో పాటు ఈ భయం కూడా కారణమని మదుపరులు అనుకున్నారు. ఒకరి నివేదికను చూసి మరొకరు రాసే అలవాటు ఈ రంగంలో ముందునుంచీ ఉంది. యంత్రం దాన్ని చౌక చేసింది. ఎక్కడా రాసి లేని లెక్క మాత్రం యంత్రానికి దొరకదు. గల్ఫ్ సంచిలో వచ్చే ఫోన్లను కోరుట్ల దుకాణదారు తప్ప వేరెవరూ చెప్పలేరు, ఈ వారం ఎన్ని బీములు దిగాయో ఆసామి తప్ప వేరెవరూ చెప్పలేరు, వాళ్లిద్దరూ తెలుగులో అడిగితేనే చెబుతారు. ఇలాంటి క్షేత్ర సమాచారం కోసం సంస్థలు స్థానికులకు పనిని బట్టి చెల్లించే పద్ధతి ఇప్పటికే ఉంది. కొంతమంది అనుభవజ్ఞులు సంస్థలు వదిలి, ఒకే చిన్న రంగాన్ని పట్టుకుని, చందా కట్టే కొద్దిమంది పాఠకులకు నేరుగా రాస్తున్నారు.